బెర్లిన్ సందులో నీళ్లిచ్చిన ఆమె

దయ్యాలంటే నాకు నవ్వు. మాది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం. పల్లెల్లో మగ్గాల వాళ్లకు పట్టు అందించి, శ్మశానాల పక్కనుంచి సైకిల్ తొక్కుకుంటూ ఒంటరిగా వచ్చినవాణ్ణి. ఎవడైనా దయ్యం కథ మొదలుపెడితే "చాల్లే పోప్పా" అని లేచిపోయే రకం. ఇది చెబుతున్నానంటే నా కళ్లతో చూశాను కాబట్టి, పట్టపగలు నా చొక్కా తడిసింది కాబట్టి.

ఎనభైల మొదట్లో పశ్చిమ బెర్లిన్‌లో చేనేత ప్రదర్శనకు నన్నూ మా బావమరిది ఓబులేసునూ పంపారు. వాడు నేసి చూపించాలి, నేను నాకొచ్చిన ఇంగ్లీషులో వివరించాలి. రోజూ వచ్చి మగ్గం దగ్గర కూర్చునే రూత్ అనే పెద్దావిడ మాకు బాగా అలవాటైంది. ఆమె యూదురాలు. ఆ ఊళ్లో యూదులు ఎక్కడెక్కడ బతికారో, నాజీలు వాళ్లను ఏ ఇళ్ల నుంచి పట్టుకుపోయి చంపారో, వీధి వీధి తిప్పి జనానికి చూపించడం ఆమె పని. ఒక ఆదివారం మమ్మల్నీ రమ్మంది.

ఎండాకాలం. మన ఎండ ముందు అదొక లెక్క కాదు గానీ, పొద్దున్నుంచి ఒకటే నడక. రూత్ ఒక పాత మేడ ముందు ఆగి, ఇక్కడ ఒక దర్జీ కుటుంబం ఉండేదని చెప్పసాగింది. అన్ని ఇళ్ల దగ్గరా గలగలా మాట్లాడిన మనిషి అక్కడ మాటలు తడుముకుంది. నాకు గొంతు ఎండిపోయి, మేడ పక్క సందులోకి వెళ్లాను.

సందులో ఒక తలుపు తీసి ఉంది. గడపలో గళ్ల గౌను వేసుకున్న ఒకామె. బొటనవేలు నోటి దగ్గర పెట్టి, అలవాటుకొద్దీ తెలుగులోనే "నీళ్లమ్మా" అన్నాను. మా కరువు సీమలో ఏ గడప దగ్గరైనా అలా అడగడానికి మొహమాటపడం. ఆమె లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

పరాయివాళ్ల గ్లాసు ఎంగిలి చెయ్యకూడదు కదా, తల వెనక్కి వాల్చి పైనుంచి పోసుకున్నాను. ఆమె అలా తాగడం ఎప్పుడూ చూసినట్టు లేదు, ఫక్కున నవ్వింది. మణికట్టు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక భుజం పైకెత్తి, తలుపుకు ఆనుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చి, పొలమారి, సగం నీళ్లు చొక్కా మీద పడ్డాయి. గ్లాసు తిరిగిచ్చి, దండం పెట్టి వచ్చేశాను.

"ఏం బావా, అంగీ అంతా తడుపుకున్నావే! నీళ్లు యాడ దొరికినాయి?" అన్నాడు ఓబులేసు.

"ఆ సందులో ఒకాయమ్మ ఇచ్చినాది. పోయి అడుగుపో."

వాడు పోయి వెంటనే తిరిగొచ్చాడు. "ఆడ తలుపే లేదు బావా. గోడుండాది."

"నీ కండ్లకేమొచ్చిందిరా?" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. నిజంగానే గోడ. తలుపు ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి మూసేశారు. ఆ ఇటుకల మీది సున్నం కూడా పాతబడి పెచ్చులు లేచింది. దాచుకోవడమెందుకు, ఆ ఇటుకలను రెండుసార్లు తట్టి చూశాను.

మా వెనకే రూత్ వచ్చింది. జరిగింది చెప్పాను. యుద్ధం తర్వాత ఇల్లు బాగుచేసినప్పుడే ఆ తలుపు మూసేశారని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎలా నవ్విందో చూపించు" అంది.

మణికట్టు నోటికి అడ్డం పెట్టుకుని, భుజం ఎత్తి చూపించాను.

"ఇంకోసారి" అంది. మళ్లీ చూపించాను.

ఆమె గోడకు వీపు ఆనించి అలాగే కింద కూర్చుండిపోయింది. ఆ దర్జీ కూతురు తనేనట. యుద్ధానికి ముందు, చిన్నపిల్లగా ఉన్నప్పుడు, నాజీల చేతికి చిక్కకుండా తనొక్కదాన్నే ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారట. ఇక్కడే ఉండిపోయిన అమ్మానాన్నలను తర్వాత నాజీలు పట్టుకుపోయి చంపారట. తల్లి ఫోటో ఒక్కటీ మిగల్లేదు. పేరు గుర్తుంది, చేసిపెట్టిన వంట గుర్తుంది, మొహం మాత్రం ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదని, అందుకే ఏళ్ల తరబడి ఈ ఇంటి ముందుకు వస్తున్నానని చెప్పింది. "ఆ నవ్వు మా అమ్మదే. అదీ మర్చిపోయాను" అంది.

దయ్యాలున్నాయంటే ఈరోజుకీ ఒప్పుకోను. కానీ ఆ రోజు ఓబులేసు నా చొక్కా ముట్టి చూశాడు, తడి నిజం. గోడ ముట్టి చూశాడు, గోడా నిజం.

లేచేముందు రూత్ నన్ను ఒకటే అడిగింది, అమ్మ బాగా ముసలిదైపోయిందా అని.

"లేదమ్మా. మీకంటే చాలా చిన్నది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు" అన్నాను.

ఆ నెరిసిన తలావిడ నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.