గాజు పలకకు రాసిన నూనె

నా కుడిచేతి చూపుడువేలు చేసిన ఒక పనిని పదకొండేళ్లుగా మోస్తున్నాను. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. చదువు పదోక్లాసుతో ఆగింది. కానీ ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మూడు ఊళ్ల గ్రంథాలయాల్లోనూ నాకు కార్డులున్నాయి. భౌతికశాస్త్రం అంటే ప్రాణం. షెడ్డులో అందరూ నన్ను 'సారూ' అని పిలిచేవాళ్లు. ఎగతాళికే కావచ్చు. నాకు మాత్రం ఇష్టంగానే ఉండేది.

నా పక్కన ఓబులేసు పనిచేసేవాడు. ఐదో తరగతి చదివాడు. ఒకరోజు నూలు జాడించే వాలుబండ దగ్గరికి నన్ను పిలిచాడు.

"ఈడ సూడన్నా. ఉత్త నీళ్లు జారితే ముడతలు పడతాండాయి. పట్టు ఉడకబెట్టిన సబ్బునీళ్లు కలిస్తే నున్నగా పోతాండాయి. ఏమిటికంటావ్?"

నాకు తెలియలేదు. పుస్తకం చూసి చెబుతానన్నాను.

"పుస్తకంలో నీళ్లు తడిగా ఉంటాయా అన్నా?" అని నవ్వాడు.

వారం వెతికితే దొరికింది. వాలు మీద పలచని పొరగా జారే నీళ్లలో చిన్న కదలిక కూడా పెరిగి అల అవుతుంది. సబ్బు ఆ పైపొరను పట్టి లాగి, అలను లేవనివ్వదు. సగం పేజీ. పక్కన పెన్సిలు గీత ఉంది. నేను గీసిందే! ఎప్పుడో చదివాను. రోజూ ఆ బండ ముందే నిలబడ్డాను. నాకెందుకు కనబడలేదు? పుస్తకం తెరవనివాడికి ఎందుకు కనబడింది? ఆ ప్రశ్న అన్నంలో రాయిలా తగిలింది.

చీర కొనడానికి వచ్చిన హిందూపురం కాలేజీ లెక్చరర్ ఒకాయన ఓబులేసు మాటలు విన్నాడు. ప్రయోగశాలలో సహాయకుడు కావాలి, ఆదివారం చేసి చూపించు, బాగుంటే నిన్నే తీసుకుంటానన్నాడు. ఓబులేసు పాత కిటికీ అద్దం తెచ్చి, ఇటుకల మీద వాలుగా పెట్టి, నాలుగు రోజులు సాధన చేశాడు. రంగునీళ్లలో నానిన వాడి చేతులకు అప్పటికే పుండ్లు. ఆ ఉద్యోగం వస్తే అవి మానేవి. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆదివారం ఉదయం లెక్చరర్ సారును తీసుకురావడానికి వాడు స్టేషనుకు పోయాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. తలకు రాసుకున్న కొబ్బరినూనెను వేలికి అద్దుకుని, అద్దం పైభాగాన అడ్డంగా ఒక్క గీత గీశాను. కంటికి కనబడదు. నూనె తగిలినచోట నీటిపొర నిలవదని పుస్తకాలే నేర్పాయి. ఇన్నేళ్ల చదువును నేను చేతల్లో పెట్టింది ఆ ఒక్కసారే.

మొదట ఉత్త నీళ్లు వదిలాడు. పొర నిలవలేదు, పాయలు పాయలుగా చీలిపోయింది. కంగారుపడి తుండుతో తుడిచాడు. నూనె అద్దమంతా పరుచుకుంది. మళ్లీ వదిలాడు. మళ్లీ చీలింది. సబ్బునీళ్ల దాకా రానేలేదు. వీడియో తీస్తున్న సారు ఫోను జేబులో పెట్టుకుని, రైలు వేళయిందన్నాడు.

"యాడ తప్పు జరిగిండాదన్నా? నువ్వు సదివినోడివి, చెప్పు," అని అడిగాడు ఓబులేసు.

"నీ చెయ్యి వణికింది అబ్బా. ధార సమంగా పోయలేదు నువ్వు."

వాడు తన చేతుల వైపు చూసుకున్నాడు. "అయ్యుంటాది," అన్నాడు.

ఆ మాట నమ్మాడు. మళ్లీ ఏ ప్రయోగమూ చేయలేదు. ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉన్నాడు, గ్లాసు పట్టుకోవాలన్నా ఇబ్బందిపడే చేతులతో. నేను మరో పనిలోకి మారిపోయాను. ఎదురుపడితే ఇంకా "ఏమి సదువుతాండావన్నా?" అని ప్రేమగానే అడుగుతాడు. అప్పుడు ఏదో పుస్తకం పేరు చెప్పి తప్పుకుంటాను.

ఈ మాటలు వాడి ముందే చెప్పాలి. ధైర్యం ఉందా? ఈ రోజుకు లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఒక్క వాక్యం మాత్రం కాగితం మీద పెట్టగలిగాను, ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది: ఆ రోజు ఓబులేసు చెయ్యి వణకలేదు.