ఆరోగ్యమేరి చేపలకు వచ్చిన పేరు

రాయపురం చేపలరేవు దాటి, మలుపులో తట్ట పెట్టుకొని కూర్చునే ఆరోగ్యమేరికి ఒక అలవాటు. కొనేవాళ్ళ మాటను కొట్టేయదు. ఎండ జాస్తి అంటే ఆమా, ఔనంటుంది, వానొస్తుందంటే వచ్చేటట్టే ఉండాది అంటుంది. దేవుడు పంపిన మనిషిని నొప్పించి పంపడమెందుకని.

ఆ సోమవారం, వాడికగా కొనే విజి నెత్తళ్ళు ఏరుకుంటా అడిగింది. "అక్కా, చేపలు చెడకుండా శవాలకేసే మందు చల్లుతారంట గదా? ఫోన్లో వచ్చింది."

"ఆమామ్మా, అంటాండారు," అనేసింది ఆరోగ్యమేరి. రేవులో అట్లాంటిది ఆమె ఎన్నడూ చూడలేదు.

మరునాడు పేపరుకు వార్తలు రాసే కార్తీ అనే పిల్లోడు వచ్చి అదే అడిగినాడు. చెమటలు కక్కుతున్నవాడికి ముందు నీళ్ళిచ్చి, "అంటాండారు సార్," అని అదే మాట చెప్పింది.

తెల్లారి పేపర్లో పడింది, చేపలకు మందు చల్లుతున్నట్టు అమ్మేవాళ్ళే చెబుతున్నారని. సాయంత్రానికి ఆ పేపరును చూపిస్తా టీవీలో చదివినారు. ఆ మర్నాడు అదే పేపరు, టీవీలో కూడా బయటపడిందని మళ్ళీ రాసింది.

కొనేవాళ్ళు లేక తట్టలో చేప కదల్లేదు. ఐసు తెచ్చే కుప్పుసామి అడక్కుండానే ఇంకో గంపెడు పోసి, "ఉంచుకో అక్కా, నా దగ్గరున్నా కరిగిపోయేదే," అన్నాడు.

విజి ఆగకుండా పోతా ఉంటే ఆరోగ్యమేరి పిలిచింది. "ఏందమ్మా, మొగం చాటేస్తాండావు?"

"ఎట్ట కొనేదక్కా? ఫోను, పేపరు, టీవీ, మూడింట్లోనూ వచ్చె."

"నాకు చెప్పింది నువ్వే గదమ్మా!"

"నేను ఊరికే అడిగితి. ఔనన్నది నువ్వు."

తట్ట కుప్పుసామికి అప్పగించి, టీకొట్టు దగ్గర కార్తీని పట్టుకుంది. "అయ్యా, నేను కండ్లతో చూసిందేమీ లేదు."

"మేమొక్కరమే రాయలేదక్కా. టీవీలోనూ వచ్చింది."

"వాళ్ళకెవురు చెప్పినారు?"

"మా పేపరు చూసి..." అంటా ఆగిపోయినాడు. ఆమెకూ ఒక టీ చెప్పినాడు. రాస్తానన్నాడు. మాట తప్పలేదు. లోపలి పేజీలో ఒక మూల, మందు సంగతి తాను చూడలేదని చేపలమ్మే ఆమె అన్నట్టు నాలుగు వరుసలు వేసినారు. అది చదివిన ఒకరిద్దరు, "కాదని చెప్పుకుంటాండారంటే ఏదో ఉండబట్టే," అనుకుంటా పోయినారు.

ఇంక ఎవురితోనూ వాదించే ఓపిక లేకపోయింది. మిగిలిన శంకర చేపలు ఇంటికి తెచ్చి పులుసు పెట్టింది. హార్బర్లో మూటలు మోసి వచ్చిన పెనిమిటి చిన్నతంబి తింటున్నాడు. ఆరోగ్యమేరి ప్రార్థన చేసుకొని, ముక్క తుంచి నోటి దాకా తెచ్చింది. చెయ్యి ముక్కు దగ్గరే ఆగిపోయింది. తెల్లారుజామున తన చేత్తో ఏరి, తన చేత్తో కడిగిన చేప. అయినా వాసన చూస్తోంది.

చిన్నతంబి చూసినాడు. నవ్వలేదు.

"తిను మేరీ," అన్నాడు. "నేను తింటానే ఉండా గదా."