ఆమె చెప్పిన జవాబు

నా బడి పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా చిక్కడపల్లి లైబ్రరీలోనే. చరిత్ర, రాజ్యాంగం, భూగోళం ఏ అల్మారాలో ఉన్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలను. అందుకే, చూపు లేని అభ్యర్థులకు సర్కారు ఉద్యోగ పరీక్ష రాసిపెట్టేవాళ్ళు కావాలని నారాయణగూడలోని మా చర్చిలో పాస్టరుగారు అడిగితే ముందు లేచింది నేనే. అభ్యర్థికన్నా తక్కువ చదివినవాళ్ళే కావాలట. నా తక్కువ చదువు దేవుని సేవకు పనికొచ్చిందని పొంగిపోయాను.

నాకు అప్పగించిన అమ్మాయి అశోక్ నగర్ హాస్టల్లో ఉండేది. తల్లిదండ్రులు మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇళ్ళు కట్టే కూలికి పోతున్నారు. ఇంకో ఏడాది చదివించే ఓపిక వాళ్ళకు లేదు. ఈ పరీక్షే ఆమెకు చివరిది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో సాధన చేసేవాళ్ళం. ప్రశ్న, నాలుగు జవాబులు చదివి, ఆమె చెప్పినదానికి గుర్తు పెట్టడమే నా పని. మూడు వారాలు మంచి మార్కులు వచ్చాయి. నాలుగో వారం ఆమెకు తోడొచ్చిన స్నేహితురాలు నేను గుర్తులు పెట్టిన కాగితం అందుకుని పైకి చదివింది.

“అన్నా, పన్నెండోదానికి నేను రెండన్న గదా. మూడు పెట్టినవేంది?” అని ఆ అమ్మాయి అడిగింది.

“మూడే కరెక్టు చెల్లె. మార్కు పోతదని...”

“ఎన్ని మార్చినవ్?”

నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

“సర్కారు నౌకరీ అన్నకే ఇప్పిద్దాం తియ్యే,” అని స్నేహితురాలు నవ్వింది.

ఆమె నవ్వలేదు. “మంచిగ చదువుతున్ననని మా అమ్మకు చెప్పిన. నాకేం రాదో నాకే తెల్వనియ్యకపోతివి.”

ప్రేమతోనే చేశానని చెప్పబోయి ఆగాను. ఇంట్లో ప్రార్థనకు మోకరించినప్పుడు ఆ ప్రేమ కోసం వెతుక్కున్నాను. ఆ దిద్దుబాట్లలో క్రీస్తు నేర్పిన ప్రేమ కొంచెమే ఉంది. మిగతాదంతా నాకు తెలుసన్న గర్వం.

మరుసటి ఆదివారం పాత కాగితాలన్నీ తెచ్చి, నేను మార్చినవి ఒక్కొక్కటే చదివి ఒప్పుకున్నాను. ఆమె వాటన్నిటినీ స్నేహితురాలితో చదివించుకుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంది.

పరీక్ష బషీర్‌బాగ్‌లో పడింది. సగం అయ్యాక ఒక ప్రశ్నకు ఆమె, “ఒకటి,” అంది. తప్పు. ఆ సంగతి నేను లైబ్రరీలో రెండుసార్లు చదివాను. పెన్ను ఆగింది. మళ్ళీ చదవమంటావా అని అడగొచ్చు. కానీ అడిగితే నా గొంతే ఆమెకు జవాబు చెప్పేస్తుంది.

“ఒకటి పెట్టినవా అన్నా?”

“పెట్టిన చెల్లె.”

పెట్టాను. తర్వాతి ప్రశ్న అదే గొంతుతో చదివాను.