రెండో జెండా

తొమ్మిదేళ్లుగా ఒక చిన్న చప్పుడు మోస్తున్నాను. బంతి స్తంభాన్ని గీరుకుంటూ పోయిన చప్పుడు. అది విన్నది ఇద్దరమే. అందులో ఒకడు విననట్టు నటించాడు. ఆ ఒకణ్ణి నేనే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. మా ఆవిడకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

ముందే ఒక మాట. నేను సుఖంగానే ఉన్నాను. కెనడాలో, ఓక్‌విల్‌లో ఇల్లు, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పెరట్లో నాలుగు టమాటా మొక్కలు, రెండు పూటలా కాఫీ. తప్పు చేసినవాడికి నిద్ర పట్టదంటారు. నాకు మహా బాగా పడుతుంది. నన్ను భయపెట్టేది అదే.

మా అమ్మాయి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడేది. కోడిగుడ్డు ఆకారంలో బంతి, మైదానానికి ఈ చివరా ఆ చివరా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. స్తంభానికి తగిలిందో, లోపలికి వెళ్లినా ఒక్కటే పాయింటు. తను ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టడమే తన పని. ఇక్కడ ఆ ఆట ఆడేవాళ్లే తక్కువ, అంపైర్లు మరీ తక్కువ. అందుకని తల్లిదండ్రుల చేతికే జెండాలిచ్చి గోల్ దగ్గర నిలబెట్టేవారు. గోలైతే రెండు జెండాలు ఊపాలి, ఒక్క పాయింటైతే ఒకటి. ఫైనల్‌కూ నన్నే నిలబెట్టారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అనుకుంటారేమో, అప్పటికింకా నేను దొంగను కాను.

ఆ ఫైనల్ చూడటానికి ఆస్ట్రేలియా నుంచి ఒక ప్రొఫెషనల్ క్లబ్ కోచ్ వచ్చింది. ఒక్కరినే తీసుకువెళ్తానంది. ఆమె లిస్టులో రెండు పేర్లు మిగిలాయి. ఒకటి మా అమ్మాయిది. రెండోది అవతలి జట్టు డిఫెండర్‌ది. కరీంనగర్ వైపు నుంచి ఒషావాకు చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్ల, సాయంత్రాలు పార్ట్‌టైమ్ చేసుకునేది. స్కూల్లో కబడ్డీ ఆడిందట, పట్టుకుంటే వదిలేది కాదు. ఆ రోజు మా అమ్మాయిని ఒక్క గోల్ కూడా కొట్టనివ్వలేదు.

ఆట ముగియవస్తుండగా మా అమ్మాయి ఎలాగో విడిపించుకుని దూరం నుంచి తన్నింది. ఆ పిల్ల గోల్ లైను దాకా పరుగెత్తుకొచ్చింది. బంతి కుడి స్తంభాన్ని గీరి లోపల పడింది. టక్. నేను ఆ స్తంభం పక్కనే ఉన్నాను. మైదానం మధ్యనున్న అంపైర్ నా నిర్ణయం కోసం చూశాడు. నేను రెండు జెండాలూ ఊపాను.

ఆలోచించే ఊపానా? చేతులు వాటంతటవే లేచాయని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ ఆ ఒక్క క్షణంలో, చలికాలమంతా గరాజ్ గోడకు బంతి తన్నుకున్న మా అమ్మాయీ, గట్టు మీద కోచ్ చేతిలోని నోటుబుక్కూ నాకు కనపడ్డాయి, కనపడ్డాకనే, ఒక జెండా తీయాల్సిన చోట రెండోదాన్ని కూడా తీశాను.

ఆ పిల్ల నా దగ్గరకు వచ్చింది. తెలుగులోనే అడిగింది.

“అంకుల్, బాల్ పోస్ట్‌కి తగిలింది గద? నాకు సప్పుడు వినవడ్డది.”

“లేదమ్మా, తగల్లేదు. నేను పక్కనే ఉన్నాగా.”

“అట్లనా... మీరు పెద్దోళ్లు, మీరెందుకు తప్పు జెప్తరు. నాకే అట్ల అనిపించిందేమో. సారీ అంకుల్.”

తనే సారీ చెప్పి వెళ్లిపోయింది. వేరే దేశం మనిషినైతే అంపైర్‌ దగ్గర గొడవ పెట్టుకునేదేమో. తెలుగు పెద్దమనిషినని నమ్మింది. మూడు పాయింట్ల తేడాతో మా వాళ్లు గెలిచారు, ఒక్క జెండాయే ఊపి ఉంటే రెండు పాయింట్లతో ఓడేవాళ్లు. నెల తిరగకుండా మా అమ్మాయికి పిలుపు వచ్చింది.

ఏడు సీజన్లు ఆడింది. మొదటి మ్యాచ్‌లోనే గోల్, నడుమ మోకాలి ఆపరేషన్, మళ్లీ లేచి పరుగు. ఆ గోల్స్ అన్నీ తన కష్టమే. ప్రతిదానికీ ఈ సోఫాలోంచి ఎగిరి గంతేశాను. నిరుడు తను రిటైరైనప్పుడు వీడ్కోలు సభకు నేనూ మా ఆవిడా వెళ్లాం. “మా నాన్న గోల్ అంపైర్, నాకు ఒక్క గోల్ కూడా ఊరికే ఇవ్వలేదు” అని ఇంగ్లీషులో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

ఆ డిఫెండర్ పిల్ల ఫైనల్ జరిగిన మరుసటి ఏడాదే ఆట మానేసింది. ఇప్పుడు వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్, ఇద్దరు పిల్లలు. మొన్న ఉగాది ఫంక్షన్‌లో కనపడి, అక్క ఎట్లుందని మా అమ్మాయి గురించి అడిగి, నా ప్లేట్లో ఇంకో బొబ్బట్టు వేయించింది. తిన్నాను. బాగానే స్థిరపడింది కదా అని సర్దిచెప్పుకుంటాను. ఎవరికి సర్దిచెబుతున్నాను? ఆ పిల్లకా, నాకా?

మళ్లీ అదే బంతి వస్తే ఒక్క జెండాతో సరిపెడతానా? ఏమో. కాకిపిల్ల కాకికి ముద్దు. జరిగింది జరగకుండా ఉంటే బాగుండునని నేను ఏ రోజూ అనుకోలేదు. దాన్ని పశ్చాత్తాపం అనరని నాకు తెలుసు. మిమ్మల్ని క్షమించమనడం లేదు, ఆ పని మీది కాదు కూడా.

ఆమెకు దక్కాల్సిన ఆ ఏడు సీజన్లు నేను తిరిగి ఇవ్వలేను. కానీ తొమ్మిదేళ్లుగా ఆ పిల్ల తన చెవులదే తప్పనుకుంటోంది. ఎదురుగా చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. కనీసం ఇక్కడ, ఆమె అడిగిన భాషలోనే రాస్తున్నాను.

తగిలింది తల్లీ. నీకు సరిగ్గానే వినపడింది.