మిర్చి మీదికి నెట్టిన దగ్గు

ఈమధ్య చొక్కాలకు జేబులు పెట్టడం మానేశారు. హనుమకొండలో మూడు దుకాణాలు తిరిగాను. పెళ్లికో పేరంటానికో కాదు, రోజూ వేసుకోవడానికి రెండు చొక్కాలు కావాలంతే. మూడు చోట్లా ఒకటే మాట: "అంకుల్, జేబు ఇప్పుడు ఫ్యాషన్ కాదు." మరి కళ్లజోడు, పెన్ను, ఎవరో చేతిలో పెట్టిపోయిన విజిటింగ్ కార్డు, ఇవన్నీ ఎక్కడ పెట్టుకోవాలో ఆ ఫ్యాషన్ కనిపెట్టినవాళ్లు చెప్పలేదు. చివరికి గుడ్డ కొని దర్జీకి ఇచ్చాను. జేబు కొంచెం పెద్దగానే పెట్టమన్నాను. "ఏం పెడ్తరు సార్ అండ్ల?" అన్నాడు దర్జీ టేపు మెడలో వేసుకుంటూ. కళ్లజోడూ పెన్నూ తప్ప ఇంకేం పెట్టనన్నాను. నిజమే చెప్పాను. ముప్పై రెండేళ్లు ఆ జేబులో ఉన్న పెట్టె ఇప్పుడు లేదు. జేబు మాత్రం ఉండాలనిపించింది. అద్దెకున్నవాడు ఖాళీ చేసినంత మాత్రాన గది కూలగొట్టుకోంగదా.

నేను వరంగల్ మార్కెట్ యార్డులో మిర్చి అడ్తిదారుని. రైతు తెచ్చిన కాయను నేను కొనను. కొనేవాడికీ రైతుకూ మధ్య నిలబడి, ఆ కాయ ఎంత మంచిదో చెబుతూ ధరను పైకి లాగడం నా పని. డిగ్రీలో రసాయన శాస్త్రం చదివాను. వ్యాపారానికి ఆ చదువు ఏనాడూ అడ్డం రాలేదు. కాలేజీలో నాకు పూర్తిగా ఒంటబట్టిన విద్య సిగరెట్టొక్కటే, అదీ ల్యాబు వెనక.

సిగరెట్టు తాగేవాడికి మిర్చి యార్డులో ఉన్న సౌకర్యం ఇంకెక్కడా ఉండదు. సీజన్లో అక్కడ అందరూ దగ్గుతారు. హమాలీలు దగ్గుతారు, గుమాస్తాలు దగ్గుతారు, తనిఖీకి వచ్చిన అధికారులు జీపు దిగకముందే దగ్గుతారు. అంత దగ్గులో నా దగ్గును విడిగా గుర్తుపట్టడం ఎవరి తరం? మా ఆవిడ ముప్పై ఏళ్లు మిరపకాయను తిట్టింది. సీసాలో మజ్జిగ పంపేది, రాత్రి పసుపు వేసి పాలిచ్చేది. సిగరెట్లు రోజుకు నాలుగైదని ఆమెకు చెప్పి ఉంచాను. అది పొద్దున పది గంటల వరకు నిజమే. మిగతా తప్పంతా కాయ నెత్తిన పడుతుంటే నేను మధ్యలోకి వెళ్లలేదు.

ఘాటు మరీ ఎక్కువైనప్పుడు కాస్త గాలి కోసం షెడ్డు వెనక గోడ దగ్గరికి వెళ్లేవాణ్ణి. వెళ్లి సిగరెట్టు వెలిగించేవాణ్ణి. ఇందులో ఏదో తేడా ఉందని నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

ఆ గోడ నీడలోనే రైతులు కూర్చునేవాళ్లు. రాత్రంతా బస్తాల మీద ప్రయాణం చేసి వచ్చినవాళ్లు, ధర తేలేదాకా వాళ్లకు చేసే పనేమీ ఉండదు. డోర్నకల్ దిక్కు నుంచి వచ్చే ఒక పెద్దాయన మా నాన్న కాలం నుంచీ మా దుకాణానికే కాయ తెచ్చేవాడు. నేను ఆయనను కాకా అనేవాణ్ణి, ఆయన నన్ను సేటు అనేవాడు. మా ఇద్దరికీ ఒక అలవాటు ఉండేది. ధర తేలాక గోడ దగ్గర బస్తా మీద పక్కపక్కన కూర్చుని, నా సిగరెట్టు ఆయన, ఆయన బీడీ నేను తాగేవాళ్లం. ధర బాగా వచ్చినా అంతే, రాకపోయినా అంతే. రాని రోజున బీడీ కొంచెం నిదానంగా కాలేది. మాటలు పెద్దగా ఉండేవి కావు. వానల గురించి, విత్తనాల గురించి, ఆయన కోడలి మోకాళ్ల నొప్పుల గురించి.

నిరుడు ఫిబ్రవరిలో ఒక పొద్దున యార్డులో జెండా పాట అయింది. ఆ రోజు అన్నిటికంటే మేలైన రాశికి జెండా ఎత్తి పాడే మొదటి వేలం పాట అది. ఆ రోజు మార్కెట్ ఎంతదాకా పోగలదో దాన్నిబట్టి తెలుస్తుంది. తర్వాత ఖరీదుదారులు గుంపుగా ఒక్కో అడ్తి ముందుకు వస్తారు. ఒక్కో రాశి దగ్గర నిలబడేది నిమిషమో, అరనిమిషమో. ఆ అరనిమిషంలో మనం వాళ్లతోపాటు నడుస్తూ, వంగి కాయ తీసి, విరిచి, రంగు చూపించి, మాట ఆపకుండా ధరను ఎత్తాలి. మాట ఆగితే కాలు కదులుతుంది. కాలు కదిలితే ధర అక్కడే ఖాయం.

కాకా రాశి దగ్గర నా మాట ఆగింది. దగ్గు రాలేదు, అదొచ్చినా బాగుండేది. ఊపిరి లేదు, అంతే. గుప్పెడు కాయ చేతిలో ఉంది, నోరు తెరిచే ఉంది, వాక్యం సగంలో ఉంది. ఖరీదుదారు రెండు క్షణాలు చూసి పక్క రాశికి నడిచాడు. అప్పటికి అన్న ధరే ధర. పక్క రాశిలో అంతకంటే నాసిగా, తేమకు మెత్తబడిన కాయకు ఎక్కువ పలికింది.

గోడ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కాకా బీడీ ఇచ్చాడు. నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం గాదు తియ్యి సేటు. ఘాటు అసొంటిదున్నది ఇయ్యాల."

ఆయన కూడా మిరపకాయనే అన్నాడు. తన కాయనే అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుని, ఆ బీడీ కొసదాకా తాగాను.

తర్వాత వానాకాలం వచ్చింది. యార్డుకు కొత్త కాయ రాదు, ఉన్నదంతా కోల్డ్ స్టోరేజీల్లో పడుకుని ఉంటుంది. నేను ఇంట్లో కూర్చుని పేపరు చదువుతూ దగ్గుతున్నాను. మా ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ అన్నది:

"మార్కెట్ల మిరపకాయ లేకపాయె. మరి ఇదేం దగ్గు?"

"ఇంట్ల తాలింపు పెట్టినవ్ గదా" అన్నాను.

"ఇయ్యాల తాలింపే పెట్టలే. పెరుగన్నం."

అట్లా ఒక పంట మొత్తం నిర్దోషిగా విడుదలైంది. మర్నాడే హనుమకొండలో ఛాతీ డాక్టరు దగ్గర కూర్చున్నాం. డాక్టరు మా పెద్దమ్మాయి వయసుది. ఒక గొట్టం నోట్లో పెట్టి ఊదమంది. "ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా" అంటూ అవతల ఆమె గొంతే అలసిపోయింది. కాగితం బయటికి వచ్చాక చెప్పింది: నా వయసు యాభై మూడు, నా ఊపిరితిత్తుల వయసు డెబ్భై ఒకటి. అవి నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దవన్న మాట. ఇంత కాలం వాటితో పెద్దాచిన్నా లేకుండా ప్రవర్తించాను.

"పోయింది తిరిగి రాదు సార్. ఇవాళ మానేస్తే మిగిలింది నిలబడ్తది. మానకపోతే ఇంకో రెండు మూడు సీజన్లకు మీరు రాశుల వెంట నడవలేరు."

మాత్రలు రాసింది. ఆ మాత్రల పద్ధతి నాకు నచ్చింది. మొదటి వారం మాత్ర వేసుకుంటూనే సిగరెట్టు తాగొచ్చు. ఎనిమిదో రోజు మానేయాలి. ఏ చోట తాగే అలవాటుందో ఆ చోటికి కొన్నాళ్లు పోవద్దని కూడా చెప్పింది. మా ఆవిడ ఇంటికి రాగానే క్యాలెండరు ముందు నిలబడింది.

"ఎనిమిదో రోజు అమాసొస్తాంది. ఆనాడెట్ల మొదలువెడ్తరు?"

ఇది మొదలుపెట్టే పని కాదు, మానేసే పని. మానేయడానికి అమావాస్యను మించిన రోజు ఉండదు, చంద్రుడు కూడా ఆ రోజే మానేస్తాడు. ఈ వాదన నాకు అప్పుడే తట్టింది. కాని పైకి అనలేదు. "అవును, అమాస మంచిది కాదు" అన్నాను. మర్నాడు పాడ్యమి, అదీ పనికిరాదు. విదియ నాడు తొమ్మిదింటి తర్వాత బాగుందని తేలింది. శాస్త్ర ప్రకారం నాకు రెండు రోజులు ఎక్కువ దొరికాయి. వాటిని నేను వృథా చేయలేదు.

మాత్రలు పనిచేశాయి. అది మొదట ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత నా గొప్ప చెప్పుకుంటాను. ఆరో రోజుకే సిగరెట్టు రుచి మారింది, తడిసిన గోనెసంచి కొస కాలినట్టుంది. కలలు మాత్రం రంగుల్లో వచ్చేవి. ఒక కలలో జెండా పాట నడుస్తుండగా ఎర్రటి రాశి మీద కూర్చుని హాయిగా పెట్టె మొత్తం తాగేశాను. లేచాక కూడా తప్పు చేసినట్టే ఉంది. మా ఆవిడకు చెప్పాను, కలలో తాగితే తాగినట్టేనా అని.

"కలల తాగితే కలల్నే తిడ్త. లేచి మొకం కడుక్కోండ్రి" అన్నది.

మూడు నెలలకు మాత్రల కోర్సు అయిపోయింది. డాక్టరు నవ్వి, ఇక మీ సంకల్పమే అంది. అంతవరకు సంకల్పమంటే పళ్లు బిగించడం అనుకున్నాను. నా దగ్గర అంత సరుకు లేదు. నా సంకల్పం ఎక్కువగా దారి మార్చుకుని నడవడంలోనే ఉంది. టీ కొట్టు ముందు నుంచి కాకుండా అవతలి సందులోంచి వెళ్లడం. పెళ్లిళ్లలో భోజనం కాగానే చెయ్యి కడిగిన నీళ్లు ఆరకముందే బయటపడటం. ప్యాంటు జేబులో సోంపు. దుకాణంలో అద్దాల గది ఒకటి కట్టించి, కూలరు పెట్టించి, లోపలే కూర్చోవడం. షెడ్డు వెనక గోడ దగ్గరికి పోకపోవడం. పక్క అడ్తి ఆయన అద్దం మీద వేలితో కొట్టి, "ఏందన్నా, అక్వేరియంల వడ్డవ్?" అనేవాడు. చేపలు కూడా తాగవని చెప్పాను.

నవ్వుకున్నా, అందులో కొంచెం నిజం ఉంది. తాగడం మానాక పగలు చాలా పొడుగైంది. పని మధ్యలో ఊరికే కూర్చునే ఆ ఐదేసి నిమిషాలను దేనితో నింపాలో తెలియలేదు. ఏమీ చేయకుండా ఒక మనిషి పక్కన కూర్చోవాలంటే చేతిలో ఏదో ఒకటి కాలుతూ ఉండాలనుకునేవాణ్ణి. అది లేకుండా కూర్చోవడం ఇంకా నేర్చుకోలేదు. నేర్చుకునేదాకా కూర్చోకపోవడమే మేలనుకున్నాను.

ఈయేడు కొత్త కాయ వచ్చింది. కాకా కూడా వచ్చాడు. తామర పురుగు తిన్నాక మిగిలిన కాయ అది, కొసలు తెల్లబడి ఉంది. నిరుటి దాంట్లో సగం బస్తాలే. ఆ పొద్దున గుంపు మా అడ్తి ముందుకు వచ్చింది. కాకా రాశి దగ్గర వంగాను, కాయ విరిచాను, మాట మొదలుపెట్టాను. ఖరీదుదారు అడుగు వేస్తే నేనూ అడుగు వేశాను. ఆయన తల తిప్పితే అటు తిరిగాను. మాట ఆగలేదు. పక్క రాశికి పోయినవాడు కూడా నా మాటకు మళ్లీ వెనక్కి వచ్చి ఇంకొంచెం పెంచాడు. ఆ కాయకు ఆ రోజు అంతకంటే రాదు. అయినా అది పెట్టుబడికి చాలే ధర కాదు, ఆ సంగతి కాకాకూ తెలుసు, నాకూ తెలుసు.

ధర చెప్పడానికి నేనే వెళ్లాను. గోడ దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు, అందరి చేతుల్లోనూ బీడీలు. పొగ గాల్లో కదలకుండా నిలబడి ఉంది. నాకు నోరూరింది, మాత్రలు మానేసిన ఇన్నాళ్లకు కూడా. దస్తీ తీసి ముక్కుకు పెట్టుకున్నాను. కొంత దూరంలోనే ఆగి ధర చెప్పాను. కాకా పక్కనున్న బస్తా మీద చేత్తో తట్టి, బీడీ కట్ట తీశాడు. నేను చెయ్యి ఊపి, లోపల పని ఉందన్నట్టు సైగ చేసి వచ్చేశాను.

బస్తాలు కాంటా మీద తూగాక సాయంత్రం ఆయన లెక్క రాసిన పట్టీ కోసం అద్దాల గదికి వచ్చాడు. కుర్చీ వేయించాను, చాయ్ తెప్పించాను. కూలరు ఆయన వైపు తిప్పాను. ఆయన తువ్వాల ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. నాకు చెప్పుకోవాలని ఉంది. ఏడాది నుంచీ ఈ ఒక్క మనిషికి చెప్పుకోవాలని ఉంది.

"చూసినవా కాకా? నిరుటి లెక్క గాదు. ఈసారి నీ రాశి కాడ కడదాక మాట్లాడిన."

కాకా చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పట్టీని నాలుగు మడతలు పెట్టి బనీను లోపలి జేబులో దోపుకున్నాడు. లేచి, తలుపు తోసి పట్టుకుని అన్నాడు:

"మాట్లాడినవ్ సేటు, ఇన్న. పోయినేడు నోట మాటే రాకపాయె, అయినా ఒచ్చి నా పక్కన కూసున్నవ్. ఈయేడు ముక్కుకు దస్తీ వెట్టుకొని, రేటు చెప్పి వోయినవ్."