పడవ దిగిన పెద్దాయన ముద్ద

పోయిన వారం మా కొడుకు ఫోన్ల ఒక వీడియో పెట్టి నన్ను సూడమన్నడు. అండ్ల ఒకాయన అబ్రాహాము అంటే మన బ్రహ్మదేవుడే, ఆయన పెండ్లాం శారా అంటే మన సరస్వతమ్మే, బైబిల్ల నోవహు ఎక్కిన పడవ మన మనువు ఎక్కిన పడవే, అన్నీ మన కాడికెళ్లి పోయినయే అని చెయ్యి ఊపుకుంట చెప్తుండు. మావోడు దాన్ని మా ఇంటోళ్ల గ్రూపుల గూడ ఏసి, ఎవరు ముందో ఇప్పుడన్న తెలుసుకోండ్రి అని కింద రాసిండు. ఆ గ్రూపుల మా చిన్నాయిన కొడుకు, నా తమ్ముడు, ఉంటడు, వాళ్లు చర్చికి పోయేటోళ్లు. తమ్ముడు గ్రూపులకెళ్లి ఎల్లిపోయిండని తెల్వంగనే నా గుండెల రాయి పడ్డది, ఎందుకంటే పెద్దలకు బువ్వ పెట్టే పెత్తరమాస దగ్గర పడ్డది. నేను నాలుగో తరగతి దాకనే సదివిన, గిట్ల కూసొని రాసుడు ఇదే మొదలు, తప్పులుంటే నా ఈడోళ్లు మీరే సర్దుకోండ్రి.

మాది పినపాక దిక్కు ఊరు, ముందట గోదారి, ఎనుక అడివి. నాయినకు ఒక్కడే తమ్ముడు, మా చిన్నాయిన. ఆయన పెద్ద పిల్లగాడు జరం వచ్చి దవాఖానాకు తీస్కపోయేలోపే సచ్చిపోయిండు, ఆ దుఃఖంల చర్చి అయ్యగారు దినాం వచ్చి చిన్నాయిన పక్కన కూసునేది, మాట్లాడేది గూడ తక్కువే, ఉట్టిగ కూసునేది, మనోళ్లేమో కర్మ అని చెప్పి ఎవరి పనికి వాళ్లు పోయిన్రు. గట్ల చిన్నాయిన చర్చిల కలిసిండు. పెత్తరమాసనాడు సచ్చిపోయిన పెద్దలను పేరు పెట్టి పిలిచి, ఒక్కొక్కరికి అడ్డాకు ఇస్తర్ల ముద్ద పెట్టి, ఆనక ఇంటోళ్లంత తింటం గదా, ఆ బువ్వ తినుడు వాళ్లకు తప్పంట. చిన్నాయిన ఆ దినం ఇంటికి వచ్చుడు బంజేసిండు. నాయిన కోపం చేయలే, గని ముద్దలు పెట్టుకుంట వాకిలి దిక్కు సూసేటోడు.

ఒక ఏడు గోదారి పొంగి ఊర్లకొచ్చింది. గుట్ట మీద ఉన్నది చర్చి ఒక్కటే, గొడ్లను తోలుకొని, పిల్లలను సంకనేసుకొని ఊరు ఊరంత ఆ చర్చిలకే ఎక్కినం. కింద నీళ్లు సప్పుడు చేస్తుంటే అయ్యగారు నోవహు కథ సదివిండు. నాయిన అక్షరం రానోడు, గని పురాణం చెప్పేటోళ్ల నోట వరదల మనువు పడవను చేప గుంజుకపోయిన కథ విన్నోడు, గిది మాకు తెల్సిన కథే గదా అని లేచి నిలబడ్డడు.

గప్పటిసంది, ఎండాకాలం బీడీల తునికాకు కట్టలు కట్టుకుంట గూడ, అన్నదమ్ములిద్దరికి అదే ముచ్చట. నీ ముసలాయన పడవల జంతువులను ఎక్కించిండు, మా ముసలాయన ఇత్తనాలు ఎక్కించిండు, ఎద్దు లేకుంట ఇత్తనమేం చేస్తది, ఇత్తనం లేకుంట ఎద్దేం చేస్తది, గందుకే పడవ ఒక్కటే అయి ఉంటదిర అని నాయిన అంటే, చిన్నాయిన ఆకు పక్కన పెట్టి నవ్వేటోడు. మా అమ్మ ఊకుంటదా, అన్ని దినాలు ఆ పడవల వండిపెట్టినామె పేరు మీ ఇద్దర్ల ఎవరికన్న తెల్సా అని దెప్పేది.

మరుసటి ఏడు పెత్తరమాసకు నాయిన తమ్మున్ని చెయ్యి పట్టుకొని తెచ్చిండు. మా తాతల పేర్లన్ని అయిపోయినంక దూరంగ ఇంకొక ఇస్తరి ఏసి, దానికి బొట్టు పెట్టలే, ఊదు ఎయ్యలే, ఉట్టి బువ్వ పెట్టి, ఇది పడవ దిగిన పెద్దాయన ముద్ద అన్నడు.

"ఏం పేరు పెట్టి పిలుస్తవ్ అన్నా?" అన్నడు చిన్నాయిన.

"పేరెందుకుర. ఎవరు దిగితేంది, మనం ఆయన పిల్లలమే."

చిన్నాయిన కండ్లు మూసుకొని ప్రార్థన చేసిండు. అయ్యేదాక నాయిన ఇస్తరి మీద ఈగ వాలకుంట చెయ్యి అడ్డం పెట్టుకొని కూసున్నడు. ఆనక ఇద్దరు ఒక్క ఇస్తర్లనే తిన్నరు.

గట్ల ప్రతి ఏడు నడిచింది. నాయిన పోయిననాడు చిన్నాయిన పాడె మోసిండు. చిన్నాయినను సమాధి చేసిననాడు నేను పిడికెడు మట్టి ఏసిన. నాయినకు మగపిల్లలు లేరు, నాకు ఇల్లరికం చేసిండు, గందుకే ఆ ఇస్తరి నా చేతికొచ్చింది, అవుతల దిక్కు తమ్ముడు వచ్చి కూసునేటోడు.

వీడియో పెట్టిన దినమే కొడుకును అడిగిన, ఎందుకు పెట్టినవ్ బిడ్డా అని. వాడు మణుగూరు కాడ బొగ్గు బాయిల నౌకరి చేస్తడు, సదువుకున్నోడు. తాత చెప్పిన ముచ్చటే గదనే అమ్మా, కొత్తదేముంది అన్నడు. అవ్, ముచ్చట అదే.

తమ్మునికి నేనే ఫోన్ చేసిన. మంచిగనే మాట్లాడిండు, మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయని అడిగిండు. పెత్తరమాసకు రా తమ్మీ అన్న.

"నీ మీద నాకు కోపం లేదక్కా. గని ఆ ముద్దకు మీరు పేరు పెట్టిన్రు."

నిన్న పెత్తరమాస అయిపోయింది. దూరంగ ఆ ఇస్తరి ఏసిన, బొట్టు పెట్టలే, ఊదు ఎయ్యలే, నాయిన తీరుగనే చెయ్యి అడ్డం పెట్టుకొని వాకిలి దిక్కు సూసుకుంట కూసున్న. బువ్వ సల్లారింది. నా దిక్కు సగం నేను తిన్న, తమ్ముని సగం అట్లనే ఉన్నది. మన పెద్దోళ్లకు ఆ ముసలాయన ఎవరో తెల్వకపాయె, తెల్వదు గనుకనే ఆయన కాడ ఇద్దరికి జాగ దొరికింది. ఇప్పుడు మన పిల్లలకు అన్నీ తెలుస్తున్నయి, ఎవరు ముందో, ఎవరు ఎనుకనో, ఎవరి పేరు ఎవరు తీస్కపోయిన్రో. మంచిదే. గని ఆ ఇస్తరి అవుతల దిక్కు ఎవరు కూసుంటరో ఒక్కలన్న చెప్తే బాగుండు.