తిరగేసిన ఫ్లెక్సీ

మా అత్తగారు మొన్న సోమవారం పోయేరు. పొద్దున్న కాఫీ తాగి, దొడ్లో కొబ్బరికాయల రాశి పక్కన కుర్చీ వేయించుకున్న మనిషి, కూర్చున్నట్టే ఉండిపోయేరు. రాజోలు నుంచి డాక్టరుగారు వచ్చేసరికే అయిపోయింది. పెద్ద వయసు, బాధపడకుండా వెళ్ళేరు అని అందరూ ఓదారుస్తున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. ఎందుకో చెబుతాను.

నాలుగేళ్ళ కిందట మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతిలో పెద్దమనిషయింది. అత్తగారు కొబ్బరాకుల చాప వేసి పిల్లని వసారాలో ఓ మూల కూర్చోబెట్టేరు. కంచం వేరు, గ్లాసు వేరు. నేను ఊరుకునే రకాన్ని కాదు. ఈ అంటూముట్టూ మీద సభల్లో మాట్లాడేదాన్ని, పత్రికలకి రాసేదాన్ని, నా ఇంట్లోనే ఇదేమిటని దెబ్బలాడేను.

"ఆయ్, అలాగేనమ్మా. నీ ఉపన్యాసం సాయంత్రం వింటాను. ముందు పిల్ల మొహం చూడు" అన్నారు.

ఆ మూల విషయంలో ఆవిడతో నాకు ఇప్పటికీ పేచీయే. మనిషి పోయినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. కానీ పిల్ల మొహం చూసేను. నెత్తురు చుక్క లేదు. రోట్లో చిమ్మిలి దంచుతున్న చప్పుడుకి చెవులు మూసుకుంటోంది. నువ్వులూ బెల్లమూ దంచిన ఆ ఉండలు ఇంటింటికీ వెళ్ళేయంటే కబురు వెళ్ళినట్టే.

"పంచకే మామ్మా. మా క్లాసువాళ్ళు ఈ వీధిలోనే ఉన్నారు."

"పంచుతానని ఎవరన్నారే? నీ నడుం గట్టిపడ్డానికి దంచుతున్నాను. అన్నీ నువ్వే తినాలి" అని రోకలి పక్కన పెట్టి, వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టొచ్చేరు. అది ఆవిడ అలవాటు. "పిల్లలు చెప్పేది తలుపేసుకుని వినాలమ్మాయ్" అనేవారు.

ఈలోగా మా మరిది సెంటర్లో ఫ్లెక్సీ కట్టించేసేడు. రెండు స్తంభాల మధ్య మా పిల్ల నిలువెత్తు ఫొటో, పుష్పవతి మహోత్సవ శుభాకాంక్షలు, కింద వరసగా మీసాలు మెలేసిన కుర్రాళ్ళ మొహాలు. స్కూలు బస్సు ఆగేది సరిగ్గా దాని కిందే. మధ్యాహ్నానికి ఆ బొమ్మ క్లాసు వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. పిల్ల ఫోను బోర్లించి పెట్టి, "ఇంక స్కూలుకి వెళ్ళనమ్మా" అంది. ఏడవలేదు. ఏడిస్తే నయమనిపించింది.

మరిదిని నిలదీసేను. "ముచ్చట కదా వదినా! కట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

ఆ నలుగురి కోసమే మీరు పిల్లని రోడ్డు మీద వేలాడదీస్తారు. ఆ నలుగురికి భయపడే అది మూల ముడుచుకుపోతుంది. దీన్ని పెంపకం అంటారా? దాని ఒంట్లో వచ్చిన మార్పు ఊరంతా చాటే హక్కు మీకెవరిచ్చేరు? నేనిలా అరుస్తూనే ఉన్నాను, అత్తగారు కొడవలి పట్టుకుని సెంటరుకి బయల్దేరేరు. మోకాళ్ళ నొప్పులతో, మిట్టమధ్యాహ్నం ఎండలో. వెనకాలే పరిగెత్తేను.

టీకొట్టు దగ్గర, ఆ ఫ్లెక్సీలో మొహం ఉన్న కుర్రాడొకడు, "ఏంటండీ మామ్మగారూ, మనవరాలి ఫంక్షనుకి భోజనాల్లో ఏం పెడతారండీ?" అని నవ్వేడు.

"మీ మొహాలు ఎండకి వాడిపోతన్నాయిరా, దింపుదామని వచ్చేను. ఎక్కి తాళ్ళు కొయ్యి" అని కొడవలి అందించేరు. నవ్వినవాడే ఎక్కి కోసేడు.

ఆ ఫ్లెక్సీ ఇంటికి తెచ్చి, బొమ్మ లోపలివైపు ఉండేట్టు తిరగేసి, కొబ్బరి రాశి మీద కప్పేరు. గాలికి అంచు లేస్తే ఓ కాయ బరువు పెట్టేవారు. పిల్ల మళ్ళీ బడికి వెళ్ళిన రోజు బస్సు దాకా తోడెళ్ళేరు. "ఎవరైనా చూస్తే నువ్వు చూడకు. వాళ్ళని నేను చూస్తాను" అన్నారట. చూసేరట కూడా.

నిన్న మరిది వచ్చి, "వదినా, అమ్మ పెద్దకర్మకి సెంటర్లో పేద్ద ఫ్లెక్సీ కట్టిద్దాం" అన్నాడు. ఆరో తరగతి చదువుతున్న మా చిన్నమ్మాయి నా కొంగు పట్టుకుంది. బాబాయి వెళ్ళేక అడిగింది:

"అమ్మా, రేపు నాది కడితే ఎవరు దింపుతారు?"

"నేను" అన్నాను. గట్టిగానే అన్నాను. అది నా మొహంలోకి అలా చూస్తూ నిలబడింది. నమ్మినట్టు లేదు.

ఇది రాస్తుంటే గాలి లేచింది. ఎండకి పెళుసెక్కిన ఫ్లెక్సీ దొడ్లో పటపటలాడుతోంది. చిన్నది పరిగెత్తుకెళ్ళి, లేచిన అంచు మీద ఓ కాయ పెట్టింది. చాలదనుకుందేమో, ఇంకోటి మోసుకొస్తోంది.